పాట ఒక్కటీ చెవిన పడకుండా రాక్ షో చూసిరావడం ఎలా?

చదువుకో, ఉద్యోగానికో అమెరికా వచ్చిన మన కుర్రాళ్లకి మొదటి ఏడాది తిరిగేసరికి ఒక చిక్కు వచ్చిపడుతుంది. సోమవారం పొద్దున ఆఫీసులో కాఫీ మెషీను దగ్గర ఎవరో ఒకరు "వీకెండ్ ఏం చేశావ్?" అని అడుగుతారు. కాస్ట్‌కోకి వెళ్లి బియ్యం బస్తా తెచ్చానని ఎన్ని వారాలు చెబుతాం? ఈ చిక్కుకి ఉన్న చవకైన విరుగుడు ఇండీ రాక్ షో. పెద్ద కంపెనీల అండ లేకుండా చిన్న లేబుల్‌తోనో సొంతంగానో రికార్డులు వేసుకుని, ఒక వ్యాన్‌లో గిటార్లూ డ్రమ్సూ సర్దుకుని ఊరూరా తిరిగే బ్యాండ్లు ఇవి. రెండొందల మంది మొదలుకొని పదిహేనొందల మంది దాకా పట్టే క్లబ్బుల్లో వాయిస్తుంటాయి. వాషింగ్టన్‌లో 9:30 క్లబ్, మినియాపొలిస్‌లో ఫస్ట్ అవెన్యూ, దాన్ని అంటుకునే ఉన్న చిన్న గది సెవెంత్ స్ట్రీట్ ఎంట్రీ, జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్‌లో 40 వాట్. కుర్చీలు అడగకండి, ఉండవు.

ఇలాంటి చోటికి పాటలు వినడానికి వెళ్తారని కొందరు అమాయకులు ఇప్పటికీ నమ్ముతున్నారు. పాటలు ఇంట్లో దుప్పటి కప్పుకుని వినొచ్చు. క్లబ్బుకి వెళ్లేది వెళ్లామని చెప్పుకోవడానికి. ఆ చెప్పుకోవడమనే ఫలితాన్ని తక్కువ ఖర్చుతో, అంతకన్నా తక్కువ శ్రమతో సాధించే మార్గాలు కింద ఇస్తున్నాను. వరసగా పాటించండి.

1. బ్యాండును ఎంచుకోండి. వినకండి.

ఎవరూ పేరు వినని బ్యాండునే ఎంచుకోండి. అందరూ విన్నదైతే అందులో మీ గొప్పేముంది? ఎంచుకున్నాక వాళ్ల పాటల జోలికి పోవద్దు. వింటే నచ్చే ప్రమాదం ఉంది, నచ్చితే షోలో నోరు మూసుకుని నిలబడాల్సి వస్తుంది. మీకు కావలసింది రెండే వివరాలు: ఊరు, లేబుల్. పేవ్‌మెంట్ అనగానే "స్టాక్‌టన్, కాలిఫోర్నియా" అనండి. గైడెడ్ బై వాయిసెస్ అనగానే "డేటన్, ఒహాయో" అనండి. సూపర్‌చంక్ పేరు వస్తే "చాపెల్ హిల్, మెర్జ్ రికార్డ్స్" అని, కాసేపు కళ్లు మూసుకుని తల పంకించండి. ఎదుటివాడు పాట పేరేదైనా ఎత్తితే "మొదటి రికార్డు తర్వాత చప్పబడిపోయార్లే" అనేయండి. ఏ బ్యాండుకైనా, ఏ కాలానికైనా ఈ మాట సరిపోతుంది. ఒక్కటే రికార్డు వేసినవాళ్ల విషయంలో మాత్రం కొంచెం చూసుకోవాలి.

ఒకవేళ మీ రూమ్మేటుకి ఆ బ్యాండు నిజంగానే నచ్చి, పోపు వేస్తూ వాళ్ల పాట కూనిరాగం తీశాడనుకోండి. ఆ పూటే ఆ బ్యాండుతో మీకు సంబంధం తెంచుకోండి. "వాళ్లు అమ్ముడుపోయారు" అని ప్రకటించండి. వాళ్లు ఇంకా ఆ వ్యాన్‌లోనే పడుకుంటూ ఉండొచ్చు, అది మనకి అనవసరం.

2. టికెట్ కొనకండి. కొనబోతున్నానని చెబుతూ ఉండండి.

దీనికి దేశమే మీకు సాయం చేస్తోంది. 1994లో పెర్ల్ జామ్ బ్యాండు టికెట్‌మాస్టర్ మీద అమెరికా న్యాయశాఖకి ఫిర్యాదు చేసింది. 2010లో టికెట్‌మాస్టర్, లైవ్ నేషన్ ఒక్కటయ్యాయి. 2024 మే నెలలో న్యాయశాఖే ఆ ఉమ్మడి కంపెనీ మీద దావా వేసింది. చూశారా, ముప్పై ఏళ్లుగా గాయకులూ లాయర్లూ కలిసి మీరు టికెట్ కొనకపోవడానికి కావలసిన కారణాలు పోగుచేసి పెట్టారు. వాడుకోకపోతే పాపం. "ఫీజులు చూశావా? నేను డబ్బు గురించి మాట్లాడటం లేదు, సూత్రం గురించి మాట్లాడుతున్నా" అనండి. కొన్ని చిన్న క్లబ్బుల్లో బాక్సాఫీసుకి స్వయంగా వెళ్లి కొంటే ఆ ఫీజు ఉండదు. ఆ వీధి వైపు పోకండి, సూత్రం దెబ్బతింటుంది. 2025 మే నుంచి ఫీజులన్నీ కలిపిన ధర మొదటే చూపించాలని ఫెడరల్ రూలు కూడా వచ్చింది. దాంతో చివరి పేజీలో గుండె పట్టుకునే అవకాశం పోయింది. అయినా పట్టుకోండి.

టికెట్ లేకుండా లోపలికి ఎలా అంటారా? ప్రతి గుంపులోనూ ఒక మంచివాడు ఉంటాడు. వాడి చేత నలుగురికీ కొనిపించండి. "నీకు రాత్రికి జెల్ చేస్తా బావా" అనండి. రాత్రికి బ్యాంకు యాప్ అప్‌డేట్ అడుగుతుంది. మర్నాడు రోజువారీ లిమిట్ అడ్డొస్తుంది. ఆ తర్వాత జీతం రోజు దాకా ఆగమనండి. జీతం రోజుకి వాడే అడగడానికి మొహమాటపడతాడు. పని అయిపోయింది. షో రోజు వాన పడినా, సోఫా మరీ మెత్తగా అనిపించినా, సాయంత్రం అయిదింటికి "కొంచెం ఫీవరిష్‌గా ఉంది రా" అని ఒక మెసేజ్ కొట్టండి. టికెట్ డబ్బు వాడిది, విశ్రాంతి మీది.

మంచివాడు దొరకని ఊళ్లో గెస్ట్ లిస్టు ఉంది. గుమ్మం దగ్గర అట్ట పట్టుకుని నిలబడ్డ మనిషితో "బేసిస్టు మా కజిన్" అనండి. బేసిస్టు ఒహాయో పిల్లాడైతే ఏం, మనకి కజిన్లు ఎక్కడ లేరు? పేరడిగితే ఇంటిపేరుతో సహా పూర్తి పేరు ఒక్కో అక్షరమే చెప్పడం మొదలుపెట్టండి. పదిహేనో అక్షరానికి వెనక లైను గొణుగుతుంది, ఇరవయ్యో అక్షరానికి ఆ మనిషి అట్టతోనే లోపలికి సైగ చేస్తాడు. మన పెద్దలు ఊరికే పెట్టలేదు ఆ పేర్లు.

3. ఆలస్యంగా వెళ్లండి.

టికెట్ మీద "డోర్స్ 7, షో 8" అని ఉంటుంది. ఏడింటికని పిలిచిన తెలుగు సంఘం సభకి ఎనిమిదిన్నరకి వెళ్లి, అయినా ఇంకా దీపం వెలిగించలేదని విసుక్కునే జాతి మనది. ఆ క్రమశిక్షణ ఇక్కడా చూపండి. ముందు వాయించే చిన్న బ్యాండుని ఓపెనర్ అంటారు. వాళ్లకి ఖాళీ నేల కనబడేలా చేయడం మన బాధ్యత.

ఓపెనర్లు తర్వాత పెద్దవాళ్లవుతారని బెదిరిస్తారు. నిజమే. 1983 ఆగస్టులో న్యూయార్క్ షే స్టేడియంలో ది పోలీస్ కంటే ముందు ఆర్.ఇ.ఎం. వాయించింది. 1996 వేసవిలో రేడియోహెడ్ అంతటివాళ్లు అలానిస్ మోరిసెట్‌కి ఓపెనర్లు. 2000లో స్లీటర్-కిన్నీ షోలకి ముందు స్టేజి ఎక్కింది వైట్ స్ట్రైప్స్. ఇందులో భయపడాల్సింది ఏముంది? ఆ రాత్రి ఎనిమిదింటికి వెళ్లినవాడి టికెట్టూ, తొమ్మిదిన్నరకి వెళ్లినవాడి టికెట్టూ ఒక్కటే. ఇరవై ఏళ్ల తర్వాత ఇద్దరూ "నేను వాళ్లని ఓపెనర్లుగా ఉన్నప్పుడే చూశాను" అనొచ్చు. ఆ గంటన్నరా మీరు బిర్యానీ తిన్నారు, వాడు తినలేదు. తేడా అంతే.

పేవ్‌మెంట్ తొలిరోజుల్లో డ్రమ్మరు గ్యారీ యంగ్ గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్లకి క్యాబేజీలూ, మెత్తగా మెదిపిన ఆలుగడ్డా పంచిపెట్టేవాడు. ముందు వెళ్తే లాభం అనడానికి ఉన్న ఆధారం ఇదొక్కటే. క్యాబేజీ పటేల్ బ్రదర్స్‌లో దొరుకుతుంది.

4. చివర వచ్చి మొదట నిలబడండి.

తొమ్మిదిన్నరకి లోపలికి వెళ్లాక వెనక గోడకి ఆనుకునేవాడు పిరికివాడు. రెండు చేతుల్లో రెండు గ్లాసులు నెత్తి కంటే ఎత్తుగా పట్టుకుని "సారీ, సారీ, మా ఫ్రెండ్ ముందున్నాడు" అంటూ నడవండి. చల్లటి బీరు నెత్తి మీద వేలాడుతుంటే ఎంతటివాడైనా పక్కకి జరుగుతాడు. ఫ్రెండ్ ఉన్నాడా లేడా అని ఎవరూ విచారించరు. అరగంట నుంచీ ఒకే చోట నిలబడి, స్టేజి అంచు మీద చెయ్యి ఆన్చుకుని ఎదురుచూస్తున్న పొట్టి అమ్మాయి కనబడుతుంది. మీ స్థానం ఆమె ముందే.

ఆఫీసు నుంచి నేరుగా వస్తే బ్యాగు కోట్ చెక్‌లో పెట్టకండి, అక్కడ డబ్బులడుగుతారు. వీపుకే ఉంచుకోండి. లాప్‌టాపు, చార్జరు, స్టీలు టిఫిన్ డబ్బా ఉన్న బ్యాగు చాలా సేవ చేస్తుంది. కుడి పక్కనున్న స్నేహితుడితో మాట్లాడటానికి మీరు తిరిగినప్పుడు డబ్బా మూల ఎడమ పక్కవాడి మోచేతికి తగులుతుంది, వాడి గ్లాసు ముందున్న అమ్మాయి తెల్ల కాన్వాస్ బూటు మీద ఒలుకుతుంది. బూటు బొటనవేలు దగ్గర మొదలైన మరక లేసుల దాకా పాకుతుంది. ఆమె కిందికి చూస్తుంది, తర్వాత పక్కవాణ్ని చూస్తుంది. మీ వైపు ఎవరూ చూడరు. ఈలోగా అక్కడ అడుగున్నర జాగా తయారవుతుంది. అందులోకి జరగండి.

5. మాట్లాడండి. మెల్లటి పాటలో మరీ మాట్లాడండి.

ఈ అధ్యాయం శ్రద్ధగా చదవండి, చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. డ్రమ్సు దద్దరిల్లేటప్పుడు అరుస్తూ మాట్లాడి గొంతు పోగొట్టుకుంటారు. తెలివైనవాడు ఓపిక పడతాడు. డ్రమ్మరు కర్రలు పక్కన పెడతాడు, గాయని ఒక్కతే గిటార్ తీగ మీద వేలు ఆనిస్తుంది, హాలంతా ఊపిరి బిగబడుతుంది. అదీ అదను. హెచ్-1బీ లాటరీ, జెర్సీ సిటీ అద్దెలు, మేనేజరు చాడీలు, పిల్లనిచ్చేవాళ్లు అడిగిన ప్రశ్నలు, అన్నీ అప్పుడు తీయండి. మీ గొంతు అంత స్పష్టంగా, అంత దూరం వినబడే సందర్భం జీవితంలో మళ్లీ రాదు. నాకైతే పియానో ఉన్న బ్యాండ్లంటే ప్రత్యేకమైన అభిమానం. మధ్యమధ్య ఖాళీ వదులుతారు, సంభాషణ తెగదు.

మాట్లాడేవాళ్ల వల్ల సంగీతానికి నష్టమని వాదించేవాడికి ఈ చరిత్ర చెప్పండి. 2008లో ఆస్టిన్‌లో సౌత్ బై సౌత్‌వెస్ట్ ఉత్సవం జరుగుతోంది. లారా గిబ్సన్ అనే గాయని ఒక బార్‌లో పాడుతోంది. ఎన్‌పీఆర్ రేడియోకి చెందిన బాబ్ బాయిలెన్, స్టీఫెన్ థాంప్సన్ వినడానికి వెళ్లారు. జనం మాటల హోరులో వాళ్లకి ఒక్క ముక్క వినబడలేదు. దానికంటే బాయిలెన్ ఆఫీసు బల్ల దగ్గరికి వచ్చి పాడితే నయం అని థాంప్సన్ ఆడిన హాస్యం నిజమై, ఆమె వచ్చి ఆ బల్ల వెనక కూర్చుని పాడింది. ఇవాళ ప్రపంచమంతా చూసే టైనీ డెస్క్ కచేరీలు అలా పుట్టాయి. ఆ బార్‌లో నోరు మూయకుండా మాట్లాడినవాళ్లే లేకపోతే టైనీ డెస్క్ ఎక్కడిది? వాళ్ల పేర్లు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. చరిత్ర ఎప్పుడూ ఇంతే.

వేసవిలో తూర్పు తీరాన రాత్రి పదైతే మన ఊళ్లో పొద్దున ఏడున్నర. అమ్మ కాఫీ తాగి ఫోన్ చేసే వేళ. మోగనివ్వండి, ఎత్తండి.

"ఏరా, ఆ మోతేంటి?"

"ఏం లేదమ్మా, పక్క ఫ్లాట్‌లో ఏదో రిపేరు."

"ఈ రాత్రప్పుడా?"

"అమెరికా కదమ్మా!"

స్పీకర్‌లో పెట్టి మాట్లాడండి. అమ్మకి మీరు సరిగ్గా వినబడాలి కదా.

6. ఫోన్ దించకండి.

మొదటి పాట నుంచి చివరి పాట దాకా రికార్డు చేయండి. నిలువుగా చేయండి, ఫ్లాష్ వెలిగించి చేయండి. ఎదురుగా ఉన్న మనిషిని నాలుగంగుళాల బొమ్మగా చూడటం కంటికి కూడా సుఖం. 2013లో యా యా యాస్ బ్యాండు న్యూయార్క్ వెబ్‌స్టర్ హాల్‌లో, షోని తెరలోంచి చూడొద్దని బోర్డు పెట్టింది. ఆ బోర్డునే జనం ఫొటోలు తీశారు. నిజమైన అభిమానులంటే వాళ్లు. న్యూట్రల్ మిల్క్ హోటల్ అనే బ్యాండు అదే ఏడాది మళ్లీ కలిసి తిరగడం మొదలుపెట్టి, ఫొటోలూ వీడియోలూ వద్దని ప్రేక్షకులని బతిమాలుకుంది. బతిమాలారంటే లోపల చూడదగ్గదేదో ఉందన్నమాట. ఫోన్ ఇంకో అంగుళం ఎత్తండి.

ఇంటికొచ్చాక ఆ వీడియో చూడకండి. ఆ ధ్వనికి ఫోన్ మైకు చేతులెత్తేసి ఉంటుంది, గరగరా తప్ప ఏమీ ఉండదు. తుడిపేయనూ వద్దు. క్లౌడ్‌లో జాగా నిండేదాకా అలా ఉండనివ్వండి. నిండాక చిన్నప్పటి ఫొటోలు ఏవైనా తీసేస్తే సరిపోతుంది.

కొంచెం జాగ్రత్త కూడా చెప్పాలి. 1984లో ఓక్లహామా సిటీలో మినియాపొలిస్ బ్యాండు ది రీప్లేస్‌మెంట్స్ వాయిస్తుంటే ఎవరో టేపు రికార్డరుతో దొంగచాటుగా ఎక్కించుకున్నాడు. ఆ రాత్రి వాళ్లు వాయించినవి చాలావరకు ఇతరుల పాటలు, అవీ సగం సగం. బ్యాండు మనుషులు ఆ టేపు లాగేసుకుని, 1985లో తామే క్యాసెట్‌గా వేసేశారు. కష్టం ఒకడిది, కాసులు ఇంకొకడివి. అందుకే గరగరా రికార్డు చేయమంటున్నాను, ఎవరూ లాక్కోరు.

7. స్పీకర్ పక్కనే నిలబడండి. చెవుల్లో ఏమీ పెట్టుకోవద్దు.

ఉద్యోగుల ఆరోగ్యం చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ ఒక లెక్క కట్టింది. 85 డెసిబెల్స్ ధ్వనిని రోజుకి ఎనిమిది గంటలు భరించొచ్చు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగానికి సగం తగ్గుతుంది. 88 దగ్గర నాలుగు గంటలు, 91 దగ్గర రెండు, 94 దగ్గర ఒకటి, 97 దగ్గర అరగంట, 100 దగ్గర పావుగంట. రాక్ క్లబ్బులో 100 దాటడం మామూలే, షో గంటన్నర నడుస్తుంది. అంటే ఆరు రోజుల వాటా ఒక్క రాత్రిలో అందుకోవచ్చు. ఒకే టికెట్ మీద ఇంత గిట్టుబాటు ఇంకెక్కడుంది?

మై బ్లడీ వాలెంటైన్ బ్యాండు 2008లో మళ్లీ కలిసి షోలు చేసినప్పుడు గుమ్మం దగ్గర ఇయర్‌ప్లగ్స్ ఊరికే పంచారు. "యూ మేడ్ మీ రియలైజ్" పాట మధ్యలో స్వరం, తాళం వదిలేసి ఇరవై నిమిషాల దాకా ఒట్టి హోరు వాయిస్తారు వాళ్లు. పాంటు పాదాల దగ్గర రెపరెపలాడుతుందంటారు. ఇలాంటి ప్లగ్స్ ఎక్కడ ఇచ్చినా రెండు జతలు తీసుకోండి. ఉచితంగా వచ్చినవి వదలకూడదు. తీసుకుని జేబులో వేసుకోండి, జేబులోంచి ఇంట్లో సొరుగులోకి చేర్చండి.

ఇంటికెళ్లి పడుకున్నాక చెవిలో జోరీగ మొదలవుతుంది. గదంతా నిశ్శబ్దంగా ఉన్నా అదొక్కటే సన్నగా మోగుతూ ఉంటుంది. జనం కోరితే చివర్లో వాయించే ఎంకోర్ ఇంటిదాకా వచ్చిందనుకోండి. మొదట్లో రెండు రోజుల్లో పోతుంది, పట్టుదలగా వెళ్తుంటే స్థిరపడుతుంది. స్థిరపడ్డాక మీటింగులో మేనేజరు అడిగింది వినబడలేదనొచ్చు, ఇంట్లో చెత్త బయట పెట్టమన్నది వినబడలేదనొచ్చు. అబద్ధం ఆడాల్సిన పని కూడా ఉండదు.

8. అరవండి.

రెండు పాటల మధ్య నిశ్శబ్దంలో "ఫ్రీ బర్డ్!" అని అరవండి. 1973లో లినర్డ్ స్కినర్డ్ బ్యాండు వేసిన పాట అది. ఏ బ్యాండు వాయిస్తున్నా ఎవడో ఒకడు దాన్ని కోరడం ఎప్పట్నుంచో వస్తున్న ఆచారం. అందరికన్నా ముందు ఈ హాస్యం మీకే తట్టినట్టు చుట్టూ చూడండి. లేదంటే గాయకుడి పాత బ్యాండు పాట అడగండి. ఆ బ్యాండు కోర్టులో విడిపోయి ఉంటే మరీ మంచిది.

తోపులాట గురించి ఒక మాట. వాషింగ్టన్ బ్యాండు ఫుగాజీ టికెట్ అయిదు డాలర్లే ఉంచేది, టీషర్టులు అమ్మేదే కాదు. ముందు వరసలో ఎవడైనా పక్కవాళ్లని కుమ్ముతుంటే గాయకుడు ఇయాన్ మెక్కే పాట ఆపేసి, వాడికి అయిదు డాలర్లు తిరిగిచ్చి బయటికి పంపేవాడు. షో సగం చూసి పూర్తి డబ్బు వెనక్కి పొందే ఇంతటి చక్కటి ఏర్పాటు సంగీత చరిత్రలో ఇంకోటి లేదు. ఫుగాజీ 2002 తర్వాత షోలు ఆపేసింది. ఇప్పుడు కుమ్మితే బయటికి పంపడం ఒక్కటే మిగిలింది, డబ్బు రాదు. కాబట్టి పాట బాగా నచ్చినప్పుడు తప్ప కుమ్మకండి.

9. బార్ దగ్గర నీళ్లు అడగండి.

చిన్న క్లబ్బుకి టికెట్ల మీద మిగిలేది తక్కువ, బార్ మీద వచ్చేదే ఆసరా. అది వాళ్ల గొడవ. చేతి మీద నల్ల మార్కరుతో పెద్ద ఎక్స్ గీయించుకోండి. 1980లో టీన్ ఐడిల్స్ అనే వాషింగ్టన్ కుర్రాళ్ల బ్యాండు కాలిఫోర్నియా వెళ్లినప్పుడు, తాగే వయసు రానివాళ్లని గుర్తుపట్టడానికి శాన్‌ఫ్రాన్సిస్కో క్లబ్బు వాళ్ల చేతుల మీద ఇలా గీసింది. ఆ పద్ధతిని వాళ్లే వెనక్కి మోసుకొచ్చారు. ఎక్స్ ఉంటే ఎవరూ మీకు ఏమీ అమ్మజూపరు. ముప్పై అయిదేళ్లవాడు అడగడానికి సిగ్గుపడక్కర్లేదు. నెత్తి మీద పట్టుకునే ఆ రెండు గ్లాసులు మంచివాడి చేత కొనిపించుకోవచ్చు.

10. మెర్చ్ టేబుల్ దగ్గర ప్రేమ చూపండి, పర్సు చూపకండి.

షో అయ్యాక తలుపు పక్కన మడత బల్ల మీద టీషర్టులు, వినైల్ రికార్డులు, స్టిక్కర్లు పరిచి ఉంటాయి. చాలాసార్లు వాటి వెనక నిలబడి అమ్మేది ఇందాక పాడిన మనిషే. మర్నాడు వ్యాన్‌లో పెట్రోలు పడాలంటే ఇక్కడ అమ్ముడుపోవాలి. కొన్నిచోట్ల అందులోంచి కూడా హాలువాళ్లు వాటా తీసుకుంటారు. ఇవన్నీ మనసులో పెట్టుకుని దగ్గరికి వెళ్లండి.

మీడియం అడగండి. విప్పి, వీపుకి ఆనించుకుని చూసుకోండి. లార్జ్ అడగండి. నలుపు కాకుండా నీలం ఉందా అనండి. ఆ గాయని బల్ల కిందికి వంగి, అట్టపెట్టె లాగి, అడుగు నుంచి ఒకటి తీసి, దులిపి ఇస్తుంది. దాన్ని వెలుతురులో పెట్టి ఫొటో తీసుకోండి, తిరుపూర్‌లో మనవాళ్లు ఇలాంటివి ఎంతకి చేస్తారో ఆమెకి చెప్పండి. వెనక పదిమంది డబ్బు చేత్తో పట్టుకుని నిలబడ్డారు కాబట్టి తొందరపడకండి. ఆ రెండో పాటలో గిటార్ మరీ పెద్దగా ఉందని సలహా ఇవ్వండి. వాళ్ల వెబ్‌సైటు బాగోలేదని, మీ ఫ్రెండ్ ఫ్రీగా చేసిపెడతాడని మాటివ్వండి. చివర్లో "నేను మిమ్మల్ని రోజూ స్ట్రీమింగ్‌లో వింటాను" అనండి. ఒక్కసారి వింటే బ్యాండుకి సెంటులో సగం కూడా రాదు, ఆ సంగతి ఆమెకి మీకంటే బాగా తెలుసు. అయినా నవ్వుతుంది. ఒక స్టిక్కరు ఊరికే ఇవ్వమని అప్పుడు అడగండి.

11. ఎంకోర్‌కి ముందే బయటపడండి. పార్కింగ్ ముఖ్యం.

12. అసలు వెళ్లకుండా కూడా వెళ్లొచ్చు.

ఇక్కడిదాకా వచ్చిన పాఠకుడికి ఇక ఉన్నత విద్య. ఫస్ట్ అవెన్యూ ఒకప్పుడు గ్రేహౌండ్ బస్ డిపో. 1970 నుంచి క్లబ్బు. దాని బయటి గోడ నిండా అక్కడ వాయించినవాళ్ల పేర్లతో చుక్కలుంటాయి, ప్రిన్స్‌ది ఒక్కటే బంగారు రంగు. పగటిపూట వెళ్లి గోడ ముందు ఫొటో దిగి, రాత్రి పదింటికి పెట్టండి. లోపలున్నది ఇటుక గోడకి అటు వైపే కదా.

ఇంకో మెట్టు పైకెక్కితే మూతబడిన క్లబ్బులు ఉన్నాయి. పై పదకొండు చిట్కాలూ ఊరంతా పాటిస్తే మీ ఊరి క్లబ్బు కూడా ఆ కోవలో చేరుతుంది, బ్యాండు వ్యాన్ అమ్ముకుని ఎవరి దారి వాళ్లు చూసుకుంటుంది. అప్పుడు మీ పంట పండినట్టే. ఉన్న క్లబ్బు గురించి అబద్ధమాడితే పట్టుబడతారు, లేని క్లబ్బుకి సాక్షులు తక్కువ. 1976 జూన్‌లో మాంచెస్టర్ లెసర్ ఫ్రీ ట్రేడ్ హాల్‌లో సెక్స్ పిస్టల్స్ షోకి వచ్చింది నలభై మంది దాకా. మేమక్కడే ఉన్నామని తర్వాత చెప్పుకున్నవాళ్లు వేలల్లో. వాళ్లలో ఎవరికీ జైలు పడలేదు.

న్యూజెర్సీలో ఉండేవాళ్లకి హోబోకెన్‌లోని మాక్స్‌వెల్స్ అనువైనది. రెండొందల మంది పట్టే వెనక గది అది. యో లా టెంగో బ్యాండు అక్కడ హనుక్కా పండక్కి ఎనిమిది రాత్రులు వరసగా వాయించేది, రాత్రికో పాటల జాబితా, రాత్రికో కొత్త అతిథి. ఏ పాట విన్నానన్నా ఎవరూ ఠక్కున కాదనలేరు. కాకపోతే ఆ పేరున్న పాత క్లబ్బు 2013లో మూతబడింది, ఏడాది చెప్పేటప్పుడు కాస్త చూసుకోండి. మరీ కూపీ లాగేవాడు తగిలితే ఆ పాటప్పుడు నేను బాత్‌రూమ్ లైన్‌లో ఉన్నానని చెప్పండి.

నన్నడిగితే అన్నిటికన్నా క్షేమమైనది న్యూయార్క్‌లోని సీబీజీబీ. 1973లో మొదలై 2006లో మూతబడింది. ఆ క్లబ్బు ఎంత పేరుమోసిందో దాని బాత్‌రూమూ అంతే పేరుమోసింది. గోడల నిండా రాతలు, తలుపుల్లేని దొడ్లు, అంటించి చింపిన కాగితాలు. 2013లో మెట్రోపాలిటన్ మ్యూజియం పంక్ బట్టల ప్రదర్శన పెట్టి, అందులో ఆ బాత్‌రూమ్ నమూనా కట్టించింది. ఫొటోలు ఇప్పటికీ దొరుకుతాయి. వాటిని బాగా చదువుకుని వెళ్లి కాఫీ మెషీను దగ్గర ఆ బాత్‌రూమ్ వర్ణించండి. సింకు ఏ పక్క ఉందో చెప్పండి. ఆ రాత్రి బ్యాండు ఏం వాయించిందని ఎవరూ అడగరు.